నాలుగు గాజుల బరువు

సత్యవేణి తీసిన పూతరేకు ఒకసారి గాలికి చేతిలోంచి జారి, గోదావరి దాటి, అవతలి గట్టున కళ్ళంలో పడుకున్న ఒక రైతు మొహం మీద వాలిందట. ఆయన ఉలిక్కిపడి లేచి, మబ్బు పెచ్చు ఊడిపడింది, ఇక వాన తప్పదనుకుని, ధాన్యం మీద బరకాలు కప్పేశాడట. ఆత్రేయపురంలో ఈ ముచ్చట చెప్పే ప్రతివాడూ ఆ రైతు తన సొంత మేనమామే అంటాడు. ఒక్క మనిషికి అంతమంది మేనల్లుళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని అడక్కూడదు. రేకు అంత పలచనా కాదా అన్నదే మనకి కావాలి. అంత పలచనే. దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకుని చూస్తే ఎదుటి మనిషి నవ్వుతున్నాడని తెలియడమే కాదు, ఆ నవ్వు నిజందో అరువుదో కూడా తెలిసిపోయేది.

అలాంటి చేతిలోంచి ఆ ఏడు వేసవిలో అట్టముక్కలు రావడం మొదలైంది.

సంగతి ముందు కనిపెట్టింది మొగుడు ఏడుకొండలు. పెళ్ళాం మీద బెంగతో కాదు, బేరం మీద బెంగతో. సత్యవేణి రేకులు తీస్తుంది. ఏడుకొండలు తల్లి వరహాలమ్మ వాటిలో నెయ్యీ బెల్లంపొడీ వేసి మడుస్తుంది. కొడుకు దొరబాబు వ్యానులో ఊళ్ళకి వేసుకెళ్తాడు. ఇక ఏడుకొండలు పనల్లా సెంటర్లో కొట్టు మీద కూర్చుని మాట్లాడటం. ఆ పనిలో అతనికి పోటీ లేదు. ఓసారి పూతరేకుల పుట్టుక గురించి చెప్పడం మొదలెడితే, కొట్టు ముందు ఆగిన బస్సులో జనం దిగి, డ్రైవరు కూడా దిగి, కండక్టరొక్కడే ఖాళీ బస్సులో కూర్చుని ఈల ఊదుకున్నాడట.

అలాంటివాడి మొహం మీదే ఒకాయన రేకు విరిచి చూపించాడు. "ఏం కొండలూ, వీటిని తినమంటావా, చెప్పుల కింద కుట్టించుకోమంటావా?"

ఏడుకొండలు బియ్యం మార్చాడు. కుండ మార్చాడు. గుడ్డ మార్చాడు. పొయ్యిలోకి ఎండు కొబ్బరాకులు వేరే తోటనుంచి తెప్పించాడు. అన్నీ మార్చాడు గానీ, కుండ ముందు కూర్చున్న మనిషి వంక ఒకసారి తేరిపార చూద్దామన్న ఆలోచన మాత్రం రాలేదు.

అతన్ని మాత్రం ఏమనగలం? పూతరేకుల పనే అలాంటిది. కుండ బోర్లించి కింద మంట పెడతారు. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలే కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఆ సెగ ముందు పూటంతా కూర్చునే మనిషికి చెమటలు పడితే ఎవరికి అనుమానం వస్తుంది? "పొయ్యి దగ్గర చెమట పట్టక మంచు కురుస్తదేటే" అనేవాడు ఏడుకొండలు. మంట ఆరాక కూడా ఆమె మెడ వెనకనుంచి వేడి పాకుతోందనీ, పేరంటంలో ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్టు తడిసిపోతోందనీ, నిద్ర ఆమెని వదిలేసి చాలాకాలమైందనీ ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఊరందరికీ కనపడే మంట ఒకటి ఉండటంతో లోపలి మంట దాని చాటున దాక్కుంది.

ఒక మధ్యాహ్నం ఏడుకొండలు రేకుల కోసం పాకలోకి వెళ్ళాడు. కుండ మీద రేకు మాడి నల్లబడుతోంది. సత్యవేణి తడిగుడ్డ చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

"సత్యా! మాడిపోతందే!"

ఆమె నెమ్మదిగా తల తిప్పింది. "ఏవండీ, ఈ కుండ ముందుకి ఇంకెవర్నన్నా చూసిపెట్టుకోండి."

"ఏం, నువ్వెక్కడికి పోతన్నావు?"

"ఏమో. నేను లేకపోతే ఈ ఇంటికేవవుద్దా అని ఆలోచిస్తన్నాను. ఏవీ అవదండి. రేకులు తగ్గుతాయి, అంతే."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏడుకొండలు ఏదో వేళాకోళం ఆడేవాడు. పప్పులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అనేసరికి, ఆ నిప్పుల ముందు నిలబడ్డవాడికి చలి పుట్టింది. కుండ కింద మంట లాగేసి దొరబాబుని కేకేశాడు.

మర్నాడే వ్యాను రాజమండ్రి దారి పట్టింది.

*

రాజమండ్రిలో డాక్టర్ విశాలాక్షి ప్రయోగశాలలో మనసు బరువు తూస్తారు. ముంజేతి నాడి మీద పరికరం పెడితే, మనసు కుంగిన మనిషికి అక్కడ ఒక సన్నటి వణుకు దొరుకుతుందని ఆవిడ కనిపెట్టింది. ఆ వణుకుని కొలవడానికి ఏదో పెద్ద శాస్త్రీయమైన పేరు పెట్టారు గానీ, అక్కడి ఆయాలకి నోరు తిరగక "ఈవిడది నాలుగు వీశెలండి, ఆవిడది మూడు వీశెలండి" అనడం మొదలెట్టారు. చివరికి డాక్టర్లు కూడా వీశెల్లోకే దిగారు.

విశాలాక్షికి యాభై దాటాయి. ఏసీ గదిలో కూడా ఆవిడ చేతిలో తాటాకు విసనకర్ర ఉంటుంది. మాట మధ్యలో ఆగి, మొహం ఎర్రబడి, రెండు విసుర్లు విసురుకుని మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుంటుంది.

"నెలసరి ఆగి ఎన్నాళ్ళయిందమ్మా?"

"దానికి ముప్పై ఏడో ఏటే పెద్దాపరేషన్ చేశారండి," అన్నాడు ఏడుకొండలు. "గర్భసంచీ, పక్కనున్నయ్యీ అన్నీ తీసేశారు. ఆయ్."

"నిద్ర పడుతోందా?"

"పొద్దున్నే లేస్తదండి, మంచి అలవాటు."

"మొదటి కాన్పు తర్వాత ఎప్పుడైనా బాగా దిగులుగా ఉండేదా?"

"బాలింతలు ఏడుస్తారు కదండి, మామూలే..."

విశాలాక్షి విసనకర్ర ఆపింది. "ఏమండీ, తీసేసిన గర్భసంచి మీదా, ఆవిడదా?"

ఏడుకొండలు గోడ మీద గడియారం చూడటం మొదలెట్టాడు. అప్పుడు సత్యవేణి మాట్లాడింది. మొదట ఆగి ఆగి, తర్వాత తడుముకోకుండా. దొరబాబు పుట్టాక చాలాకాలం తలుపు వేసుకుని ఏడ్చిన సంగతి చెప్పింది. ఆపరేషన్ అయ్యాక కుట్లు మానడమే మానడం, తర్వాత ఎవరూ మళ్ళీ రమ్మనలేదని చెప్పింది. పక్కూళ్ళో ఉండే అక్క పోయిన ఏడాది చనిపోయిందని చెప్పింది. "దాంతోనే అన్నీ చెప్పుకునేదాన్నండి. ఇప్పుడు కుండతో చెప్పుకుంటన్నాను."

ఆమెతో ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్న ఏడుకొండలుకి ఇందులో సగం సంగతులు కొత్త.

విశాలాక్షి అతని వైపు తిరిగింది. "ఆడవాళ్ళందరూ ఈ వయసు దాటాల్సినవాళ్ళే. అందరూ ఇలా కుంగిపోరు. వయసు రాకుండానే గర్భసంచి, దాంతోపాటు అండాశయాలు కూడా తీసేసినవాళ్ళు, కాన్పప్పుడు ఒకసారి కుంగినవాళ్ళు, నిద్ర లేనివాళ్ళు, కావాల్సిన మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, చెప్పుకునే దిక్కు లేనివాళ్ళు, వీళ్ళని ముందునుంచీ కనిపెట్టుకుని ఉండాలి. మీ ఆవిడకి ఇందులో ఏది లేదో చెప్పండి చూద్దాం."

ఏడుకొండలు ఒక్కో వేలూ మడిచాడు. అయిదూ ముడుచుకున్నాయి.

"మందులు రాస్తాను. వారం వారం వచ్చి నాతో మాట్లాడాలి. కానీ మందు పట్టడానికి టైం పడుతుంది. ఈలోపు ఈ బరువుని ఈవిడ ఒక్కతే మొయ్యకూడదు." బల్ల సొరుగులోంచి నాలుగు ఆకుపచ్చ గాజులు తీసింది. చూడటానికి మట్టిగాజుల్లాగే ఉన్నాయి. వెలుతురుకి పెడితే లోపల వెంట్రుకంత తీగ మెరుస్తోంది. "ఒకటి ఈవిడకి. మిగతా మూడూ ఇంట్లో ముగ్గురికి. ఈవిడ చేతి వణుకుని ఈ గాజు అందుకుని, ఎంత దూరంలో ఉన్నా మిగతా మూడింటికీ పంచుతుంది. నలుగురికీ తలో పావు. బరువు మాయమైపోదు, అది గుర్తుపెట్టుకోండి. మీ ఒంట్లోకి వస్తుంది. ఒకరోజు ఆకలుండదు, ఒకరోజు చిరాకు. ఒంట్లో కొంచెమే ఉంది కాబట్టి అరిగిపోతుంది. ఒక్కరి దగ్గరే ఉండిపోతే మీ రేకుల పిండిలా పులుస్తుంది."

"మీకెందుకండీ ఈ తిప్పలు," అంది సత్యవేణి మొగుడితో, మెల్లిగా.

"ఊరుకోవే! వీశెలేంటి, ధాన్యం బస్తా ఎత్తినవాణ్ణి," అన్నాడు ఏడుకొండలు గుండెలు విరుచుకుని, గాజు తొడుక్కుంటూ.

"ఆడమనిషి తీసి పక్కన పెట్టని వస్తువేంటా అని ఎన్నాళ్ళో ఆలోచించి గాజు చేశామండి," అంది విశాలాక్షి. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇంట్లో మిగతా ముగ్గురూ ఎవరన్నది ఆవిడ అప్పుడు ఆలోచించలేదు.

*

ఏడుకొండలు మగతనం రావులపాలెం సెంటరు దాకా వచ్చింది. మందులు కొనడానికని ఆ దారిన తిరిగి, అక్కడ టీకి దిగాడు. గ్లాసు అందుకోడానికి చెయ్యి చాపగానే అరటిగెలల మార్కెట్టు బ్యాచీ అంతా కళ్ళింత చేసుకుని చూసింది.

"ఏం కొండలూ, ఎన్నో నెల? సీమంతానికి పిలుస్తావా, పిలవ్వా?"

అంత మాటకారీ గాజు లాగి జేబులో పడేశాడు. చేతికి చర్మం దోక్కుపోయింది.

దొరబాబు సంగతి ఇంకా అన్యాయం. పెళ్ళిచూపులు నడుస్తున్న కుర్రాడు. "గాజులేసుకుని స్టీరింగ్ తిప్పితే నాకు పిల్లనెవడిస్తాడు నాన్నా?" అన్నాడు. ఇక వరహాలమ్మ, ఏడుకొండలు గాజు చాపగానే, రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది.

"ఒరే, మీ నాన్న పోయిననాడు గాజులు పగలగొట్టిన చేతులురా ఇయ్యి. ఇప్పుడు పచ్చగాజేసుకుని వీధిలోకెళ్తే ఊరు నన్నేవంటది?"

అలా మూడు గాజులూ టీవీ బల్ల మీదకి చేరాయి. సత్యవేణి వంటింట్లోంచి వచ్చి వాటిని చూసింది.

"ఒట్టి గాజులు అలా పడెయ్యకూడదండి, మంచిది కాదు. ఇలా ఇవ్వండి, నేనే వేసుకుంటాను."

ముగ్గురికీ ప్రాణం తేలికపడింది. ఆ ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిదేదైనా, చల్లారిన కూరైనా, అడుగంటిన అన్నమైనా, చివరికి ఆమె దగ్గరికే చేరేది. గాజులూ అలాగే చేరాయి. ఆమె చెయ్యి చాపింది, వరహాలమ్మే తొడిగింది. చూడ్డానికి నిండుగా ఉందని కూడా అంది.

*

ప్రయోగశాలలో ఒక్కో ఇంటికీ ఒక్కో తెర, ఒక్కో గాజుకీ ఒక్కో దీపం. గాజు నాడి మీద ఉంటే దీపం వెలుగుతుంది. బరువెంత మోస్తుంటే అంత ఎత్తుకి లేస్తుంది. మిగతా ఇళ్ళల్లో ఒక దీపం పైకి, ఒకటి కిందకి, ఒకటి ఆరీ. ఆత్రేయపురం దీపాలు మాత్రం నాలుగూ ఒక్క ఎత్తున, కొలతబద్ద పెట్టినట్టు. విశాలాక్షి తెర ముందు నిలబడి మురిసిపోయింది. తెలిసినవాళ్ళందరినీ పిలిచి చూపించింది. ఏడుకొండలుకి ఫోను చేసింది.

"మీలాంటి కుటుంబాన్ని నేను చూడలేదండీ. నలుగురూ ఎంత సమానంగా పంచుకుంటున్నారు! వచ్చే ఆదివారం మా దగ్గర సభ పెడుతున్నాం. మీకు సన్మానం చెయ్యాలనుకుంటున్నాం."

అబ్బే, అది కాదండీ అందామని ఏడుకొండలు నోరు తెరిచాడు. సన్మానం అన్న మాట వినపడగానే ఆ నోరు, "మీ అభిమానం డాక్టరుగారూ, ఎంత సేపు మాట్లాడొచ్చండి?" అంది.

ఇక్కడ సత్యవేణి లేవడం మానేసింది. ఒక గాజు ఆమె బరువు బయటికి పంపుతుంటే, మూడు గాజులు దాన్ని తెచ్చి మళ్ళీ ఆ చేతిలోకే పోస్తున్నాయి. మైకు పక్కన మైకు పెడితే కూత ఎలా పెరుగుతుందో, లోపల అలా పెరుగుతోంది. పైకి చప్పుడు మాత్రం లేదు. పొయ్యి వెలగలేదు. ఆ వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి కూడా ఆమె లేవలేదు. జుట్టు చిక్కు పడింది. అన్నం ముందు పెడితే కంచం వైపు చూసేది, తినడం అనేదొకటి ఉందని మర్చిపోయినట్టు. మందు పట్టడానికి టైం పడుతుందని డాక్టరమ్మ అంది కదా అని ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకున్నారు.

*

ఆదివారం పొద్దున్న ఏడుకొండలు ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచం దగ్గరికెళ్ళాడు. సభలో గాజు చూపించాలి కదా.

"సత్యా, నా గాజు ఇటియ్యవే, ఈ పూటకి."

ఆమె ఎందుకని అడక్కుండా చెయ్యి చాపింది. ఆ చెయ్యి అతనికి తేలిగ్గా తగిలింది, లోపల ఎముక లేనట్టు. గాజు తీసి తన చేతికి ఎక్కించుకుని, మీదకి పొడుగు చేతుల చొక్కా లాగి బొత్తాం పెట్టేశాడు.

బొబ్బర్లంక దాకా ఉపన్యాసం వల్లెవేసుకున్నాడు. 'సభకు నమస్కారం' తర్వాత ఒక మంచి జోకు ఉంది. అది మర్చిపోయాడు. గుర్తు తెచ్చుకుందామనుకున్నాడు, తెచ్చుకుని ఏం చెయ్యాలో అర్థం కాలేదు. దొరబాబు ఇచ్చిన మజ్జిగ నోట్లో పోసుకుంటే బురదనీళ్ళలా ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ మీదకి వ్యాను ఎక్కింది. గేట్ల కింద గోదావరి నురగలు కక్కుతోంది. ఎన్నిసార్లు చూసినా బావుండే నీళ్ళు. అతనికి వాటిలో చూడదగ్గదేమీ కనపడలేదు. సన్మానమంటే ఏమిటి, శాలువా. శాలువా ఎందుకు, కప్పుకోడానికి. కప్పుకుని ఎక్కడికెళ్ళాలి? ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాలేదు. వెనక్కీ వెళ్ళబుద్ధి కాలేదు. తడిసిన గోనెసంచి ఒకటి ఎవరో తన చర్మం లోపలినుంచి తొడిగేసినట్టుంది.

"ఆపరా," అన్నాడు.

దొరబాబు కంగారుగా బ్రేకు వేశాడు. "ఏంటి నాన్నా, గుండెల్లో నొప్పా?"

"నొప్పయితే బావుణ్ణురా. పలానా చోటని చూపించేవాణ్ణి." అతను చొక్కా చెయ్యి మడిచి గాజు వంక చూశాడు. "ఒరే దొరా. ఇది పావు వంతురా."

"ఏది?"

"మీ అమ్మది. మిగతా ముప్పావూ అదే మోస్తంది. మనందరం తెచ్చి దాని చేతికే తొడిగేశాం కదరా." "వ్యాను తిప్పు. తిప్పరా!"

బ్యారేజీ మీద బండి తిప్పకూడదు. దొరబాబు తిప్పాడు. వెనకనున్న లారీలన్నీ వాళ్ళ ఇంటిల్లిపాదినీ తిట్టాయి.

*

ఇంటికొచ్చి ఏడుకొండలు చెప్పులు కూడా విప్పకుండా మంచం దగ్గర కూర్చున్నాడు. సత్యవేణి చేతినుంచి ఒక గాజు తీసి కొడుక్కిచ్చాడు. దొరబాబు ఎక్కించుకున్నాడు. ఇంకోటి తీసి తల్లి ముందు పట్టుకున్నాడు.

"అమ్మా."

వరహాలమ్మ గాజు వంకా కోడలి వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత వంటనూనె వేలికి రాసుకుని, ఇరవై ఏళ్ళుగా బోడిగా ఉన్న చేతికి గాజు ఎక్కించుకుంది. "ఊరి సంగతి తర్వాత చూద్దాంలే," అంది.

కాసేపు ఆవిడకేమీ తెలీలేదు. తమలపాకు నముల్తూ కూర్చుంది. నమలడం ఆగిపోయింది. ఆవిడ మొహంలో బాధ కంటే ముందు ఆశ్చర్యం కనపడింది, ఎప్పుడో తప్పిపోయిన చుట్టం గుమ్మంలో నిలబడితే చూసినట్టు.

"ఓసి అమ్మాయ్," అంది సత్యవేణి చెయ్యి పట్టుకుని. "ఇది నాకు తెలుసే. నాకూ వచ్చిందే, నీ వయసులో. గాలి సోకిందన్నారు. మీ మామ తీసుకెళ్ళి భూతవైద్యుడి ముందు కూచోబెడితే, వాడు వేపమండలు పెట్టి కొట్టాడు. పోయిందా అని అడిగితే పోయిందన్నాను. దెబ్బలు భరించలేక. అది పోలేదే. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీదు. ఎవరితోనూ అనలేదు. నీకొచ్చినప్పుడన్నా నేను పోల్చుకోవద్దూ?"

సత్యవేణి అత్తగారి వంక చూసింది. చాలా రోజుల తర్వాత ఆమె కళ్ళు ఒక మనిషి మీద నిలబడ్డాయి. అప్పుడు ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, ఎక్కిళ్ళు పెడుతూ, వాకిట్లోకి వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే ఏడుకొండలుకి గండం దాటినట్టనిపించింది.

అదే సమయానికి వాకిట్లో కారాగింది. చేతిలో శాలువా, వెనక డ్రైవరు చేతిలో పూలదండ, మొహం నిండా చెమటతో డాక్టర్ విశాలాక్షి దిగింది.

"పొద్దున ఒక దీపం సగానికి పడిపోయింది. ఇప్పుడు నాలుగూ నాలుగు ఎత్తుల్లో ఉన్నాయి. ఏం జరిగింది?" గదిలోకి చూసింది. నాలుగు చేతులు, నాలుగు గాజులు. అర్థమైంది. గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. "నలుగురు మనుషులు ఎక్కడైనా అంత ఒక్కలా ఉంటారా? ఆ మాత్రం ఆలోచించకుండా నేను సభ పెట్టాను చూశారా!"

"శాలువా వెనక్కి తీసుకెళ్ళండి డాక్టరుగారూ," అన్నాడు ఏడుకొండలు.

"తీసుకెళ్ళను. మీ అమ్మగారికి కప్పుతాను. సత్యవేణిని మాత్రం ఒంటరిగా వదలకండి. నేను ఈ పూట ఇక్కడే ఉంటాను."

*

వారం తిరిగాక మళ్ళీ వచ్చింది విశాలాక్షి. సత్యవేణి మందుల మోతాదు మార్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు రోజుకొకరు మొహం వేలాడేసుకుంటున్నారు. దొరబాబు ఒక పెళ్ళిచూపుల్లో మైసూరుపాకు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఇంత మెత్తటి మనసున్న పిల్లాడు ఎక్కడ దొరుకుతాడని పిల్ల ఇష్టపడింది. అది వేరే కథ.

"మీరు వేసుకున్నారు సరే," అంది విశాలాక్షి, విసనకర్రతో గడ్డం గోక్కుంటూ. "ఎన్నో ఇళ్ళకి ఇవి ఇచ్చాను. ఎన్ని గాజులు తిరిగి ఆడవాళ్ళ చేతికే చేరాయో ఇప్పుడు అన్ని ఇళ్ళూ తిరిగి చూడాలి. మగాడు తియ్యని వస్తువేముందండీ? వాచీ తీసేస్తాడు. ఉంగరం తాకట్టు పెడతాడు."

మంచం మీదనుంచి ఒక నీరసపు గొంతు వినిపించింది.

"మొలతాడండి."

అందరూ తిరిగి చూశారు. సత్యవేణి గోడకి జారబడి కూర్చుని ఉంది.

"ఆయనగారు ఏదైనా తీస్తారు గానీ అది తియ్యరండి. తెగిందంటే అన్నం ముందునుంచి లేచిపోయి కొత్తది కట్టుకునిగానీ రారు. ఎవరికీ కనపడదు కూడాను, సీమంతం ఎప్పుడని అడగడానికి."

వరహాలమ్మ ముందు కిసుక్కుమంది. తర్వాత దొరబాబు. డాక్టరమ్మ అయితే విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కుదిలించింది. నవ్వు ఆగాక, "బొడ్డు దగ్గర పెద్ద రక్తనాళమే కొట్టుకుంటుంది, ముంజేతికంటే గట్టిగా. పనిచేస్తుంది," అంది. ఏడుకొండలు మాత్రం నవ్వలేదు. ఆ ఇంట్లో చాలాకాలానికి వేళాకోళం ఆడింది తను కాదు, తన పెళ్ళాం. దాన్ని ఇంకోసారి అనిపించుకోవాలని అతనికి ఆశగా ఉంది.

మగాళ్ళకి మొలతాళ్ళు తయారయ్యాయి. మొగుడు పోయిన ముసలమ్మలకి తులసిపూసల దండలో పెట్టి ఇచ్చారు. వరహాలమ్మ మాత్రం పచ్చగాజే ఉంచుకుంది. ఊరు నాలుగు రోజులు అనుకుని ఊరుకుంది.

ఆ తర్వాత ఆత్రేయపురం తీరే మారిందంటారు, నమ్మేవాళ్ళు నమ్మండి. టీకొట్టు దగ్గర ఎవడైనా పెసరట్టు సగంలో వదిలేసి గాల్లోకి చూస్తుంటే, పక్కవాడు "ఒంట్లో బాలేదా" అని అడగడం మానేశాడట. "ఇంట్లో ఎలా ఉంది?" అని అడుగుతాడట. గాజు చూసి సీమంతం అన్న పెద్దమనిషి కూడా రావులపాలెంనుంచి చీకటి పడ్డాక వచ్చి, ఏడుకొండల్ని పక్కకి పిలిచి, ఆ మొలతాడు ఎక్కడిస్తారు తమ్ముడూ అని గుసగుసగా అడిగి వెళ్ళాడు.

సత్యవేణి కోలుకునే దాకా కుండ ముందు ఏడుకొండలే కూర్చున్నాడు. అతను తీసిన రేకుల గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. ఒకటి గొడ్లపాక కప్పుకి పెంకు పగిలినచోట వేస్తే ఇప్పటికీ కారడం లేదు. ఆ సెగకి మొహం పేలిపోతుంటే, ఇరవై ఆరేళ్ళు ఈవిడ ఇక్కడెలా కూర్చుందిరా బాబూ అనుకునేవాడు. పాకకి రెండు కిటికీలు కొట్టించాడు. ఫ్యాను పెడితే మంట ఆరిపోతుందని తెలిసి, మంటకి గాలి తగలకుండా అడ్డు కట్టించి మరీ పెట్టాడు.

వర్షాలు పట్టాక ఒక పొద్దున సత్యవేణి స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి, "లెండి, చూశాం మీ పనితనం," అని మొగుణ్ణి లేపి పీట మీద కూర్చుంది. గుడ్డ ముంచింది. ఒక్క లాగు లాగింది. కుండ మీద రేకు లేచింది. మొదటిది మందంగా వచ్చింది. రెండోదీ అంతే. ఆమె కంగారు పడలేదు. వచ్చే వేడి ఇంకా వస్తూనే ఉంది, వచ్చినప్పుడు గుడ్డ పక్కన పెట్టి, ఫ్యాను కింద కూర్చుని, అది వెళ్ళాక మళ్ళీ అందుకుంది. అలా తీసి తీసి చివరికి ఒకటి చేతిలోకి తీసుకుని, మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుకొండలు వంక చూసింది. అతను ద్వారబంధానికి ఆనుకుని, మూతి ముడుచుకుని నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, ఈవేళ మీ వాటా ఎక్కువొచ్చినట్టుందే?"

"నీది కాదే ఇది. నా సొంతమే. ఆ పక్కకొట్టువాడు నాకంటే పెద్ద బోర్డు పెట్టాడు."

"అయ్యో పాపం. నాకు పంపిస్తారా కొంచెం?"

"ఎలాగే, మొలతాడు నీ చేతికి కడితే ఊరు ఊరుకుంటదా?"

సత్యవేణి నవ్వింది. పొట్ట పట్టుకుని, తల వెనక్కి వేసి, పగలబడి నవ్వింది. ఆ నవ్వు గాలికి చేతిలో రేకు లేచిపోయింది. కిటికీలోంచి బయటపడి, కొబ్బరిచెట్ల మీదుగా గోదావరి వైపు వెళ్ళిపోయింది. ఏడుకొండలు వీధిలోకి పరిగెత్తి, నోరు తెరుచుకుని, అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

అవతలి గట్టున ఆ పూట ఎవరి మేనమామ బరకాలు కప్పుకున్నాడో మరి.